నోట్‌బుక్‌లో లేని నీళ్ళు

ఫిబ్రవరి 27

తేదీ వేశాను. తేదీ లేకుండా రాసింది రాసినట్టే కాదని మసి అనేది. ల్యాబ్‌లో అదే రూలంట. పేజీ చింపకూడదు. పెన్సిల్ వాడకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు, కింద ఏముందో కనపడేలా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. ఏం చేశావు, ఏం చూశావు, అంతే రాయాలి. ఏమనుకున్నావు అనేది రాయక్కర్లేదు.

ఈ నోట్‌బుక్ మసిదే. ల్యాబ్‌ది కాదు, ఇంట్లో చిత్తు రాసుకునేది. పదకొండు పేజీలు వాడింది. పన్నెండో పేజీ నుంచి నేను రాస్తున్నాను. నేను ఐదో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత బట్టలకి గుచ్చే చీటీల మీద రంగుల పేర్లు తప్ప ఏమీ రాయలేదు. తప్పులున్నా చూసేవాళ్ళు ఎవరూ లేరు.

నా కూతురు పోయి పదిహేడు రోజులు.

ఫిబ్రవరి 28

ఈ రోజు ఏమీ చేయలేదు. ఏమీ చూడలేదు.

మార్చి 2

మసి అసలు పేరు కాదు. నాలుగేళ్ళప్పుడు నల్లరంగు తొట్టిలో పడింది. ఆయన రెక్క పట్టుకుని పైకి లాగితే కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనపడలేదు. ఏడవలేదు, ఇకిలించింది. ఇదెక్కడి మసిపిల్లే బాబూ అన్నారాయన. ఆ పేరే నిలిచిపోయింది. బడిలో వేసిన పేరు ఉత్తరాలకి మాత్రం పనికొచ్చింది.

మాది డైయింగ్ షాపు. వెలిసిపోయిన బట్టలకి మళ్ళీ రంగు వేస్తాం. ముందు గదిలో షాపు, వెనక తొట్లు, మేడ మీద మేము. ఆయన రంగు కలుపుతారు. తడపడం, ముంచడం, ఆరేయడం నావి. సెలవులొస్తే మసి కూడా దిగేది. మా ముగ్గురి వేళ్ళూ ఏదో ఒక రంగులో ఉండేవి.

పెద్దయ్యాక కూడా దానికి నల్ల పనే దొరికింది. పీహెచ్‌డీ. నల్లటి పొడి చేస్తుంది, ఆ పొడితో చొక్కా గుండీ అంత సెల్ చేస్తుంది. పేరు సూపర్ కెపాసిటర్. బ్యాటరీయే కదే అంటే కాదంది. బ్యాటరీ అంటే లోపలి గదిలో బీరువా అమ్మా, పెట్టాలంటే మడత పెట్టాలి, తీయాలంటే తాళం వెతకాలి. నాది గుమ్మం పక్కన కొక్కెం. వస్తూనే తగిలిస్తావు, పోతూ లాక్కుపోతావు. బస్సు బ్రేకు వేసినప్పుడు ఊరికే పోయే బలాన్ని టక్కున పట్టుకుంటుంది, బయల్దేరేటప్పుడు టక్కున ఇచ్చేస్తుంది. అయితే కొక్కేలు బోలెడు కావాలి. గోరంత చోట కోట్ల కొక్కేలు. అందుకే స్పాంజిలాంటి నికెల్ రేకు మీద, కంటికి ఆనని సూదులు మొలిపిస్తున్నాను. నికెల్, కోబాల్టు కలిసిన ఆక్సైడ్ సూదులు.

ఆక్సైడ్ అంటే ఏంటే అన్నాను. ఇనుముకి తుప్పు లాంటిదే, నేను పద్ధతిగా పట్టిస్తానంతే అంది. తుప్పు పట్టించడానికి ఇన్నేళ్ళు చదవాలా, మన బకెట్లకి చదవకుండానే పడుతోంది కదా అన్నారాయన. ముగ్గురం నవ్వాం. షాపుకి వచ్చినవాళ్ళందరికీ, మా అమ్మాయి గుండీలు చేయడానికి డాక్టరేట్ చేస్తోందండీ అని చెప్పుకునేవారు.

ఇప్పుడాయన రంగు కలుపుతారు. మాట కలపరు.

మార్చి 3

మసి పక్క టేబుల్ పిల్ల వచ్చింది. కళ్ళజోడు పిల్ల అంటాం. మసికి రెండేళ్ళు జూనియర్. అట్టపెట్టెలో మసి సామాన్లు తెచ్చింది. నీళ్ళ సీసా, స్వెట్టర్, చెప్పులు, సూదుల ఫోటో ఒకటి. పెద్ద మైక్రోస్కోప్‌లో తీసిందంట. ఏదో తెలియని జంతువు వీపు మీద నూగులా ఉంది.

పెట్టె అడుగున ఇంకేమన్నా ఉందేమోనని రెండుసార్లు చూశాను. ఆ పిల్ల గమనించినట్టుంది. అన్నీ తేలేదాంటీ, ఒకటి అక్కడే ఉంది అంది. అక్క ఆ రోజు పొద్దున పెట్టిన సెల్ ఇంకా మిషన్ మీద తిరుగుతోంది అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. సెల్‌ని నింపడం, ఖాళీ చేయడం, మళ్ళీ నింపడం. పదివేల సార్లు చేయాలి. అన్నిసార్లు చేసినా బలం తగ్గకపోతేనే సెల్ మంచిదని లెక్క. ఒక్కోసారికి పది నిమిషాలు. ఫిబ్రవరి పది, పొద్దున పదింటికి అక్క స్విచ్ నొక్కింది. ఎవరూ ఆపలేదు.

ఆ పిల్ల వెళ్ళాక ఆయనతో చెప్పాను. వేళ్ళ మీద లెక్కేసి, రోజుకి నూట నలభై నాలుగు సార్లు అన్నారు.

మార్చి 4

వెళ్ళాను. మసి ల్యాబ్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. ఎవరిని చూడాలి అన్నాడు. మా అమ్మాయిని అనబోయి ఆగిపోయాను. ఏ డిపార్ట్‌మెంట్, ఏ పని మీద, చెప్పకపోతే ఎలాగమ్మా, ఇదేమన్నా పార్కా అన్నాడు. గుండీ చూడాలి బాబూ అన్నాను. నా మొహం వంక చూసి రిజిస్టర్ నా వైపు తిప్పాడు. వచ్చిన పని అనే గడిలో గుండీ అనే రాశాను. కళ్ళజోడు పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి తీసుకెళ్ళింది.

ల్యాబ్ చిన్న గది. సింకు, ఓవెన్, స్టీలు డబ్బాలు, అద్దాల పెట్టెలో తూకం మిషన్. కుర్చీకి ఎవరిదో కోటు. మూలన ఇనుప బీరువా లాంటి మిషన్, దాన్నిండా వైర్లు. ఏడో వైరు చివర రెండు రాగి రేకుల మధ్య మసి గుండీ. ముట్టుకోవచ్చా అంటే వద్దాంటీ, కదిలితే ఆగిపోతుంది అంది.

ముట్టుకోలేదు. కంప్యూటర్‌లో గీత ఒకటి పైకెక్కి కిందకి దిగుతోంది. నిద్రపోయే పిల్ల పొట్టలా. కింద నంబరు 3174. చూస్తుండగానే 3175 అయింది.

అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. 3181 దాకా ఉన్నాను.

ఆ పిల్ల నన్ను నవ్వించాలని చూసింది. అక్క ఒక్కతే సింకు దగ్గర నిలబడి నికెల్ ముక్కలతో మాట్లాడేదాంటీ అంది. ఏమనేది అంటే, ఏమో, కుళాయి చప్పుడులో వినపడేది కాదు, మేం మాత్రం ఏడిపించేవాళ్ళం అంది.

మార్చి 5

ఇంట్లో లెక్కేశాను. పదకొండింటికి 3318.

మార్చి 7

మసి ల్యాబ్ కోటు ఇంట్లో ఇంకా మేకుకే ఉంది. తెల్ల కోటు, కుడి చేతి అంచు నల్లగా, జేబు దగ్గర గులాబీరంగు మరక. కోబాల్టు మందు మరక అది, ఒకసారి చూపించింది. నల్లగా మారకముందు ఎంత బాగుంటుందో చూడమ్మా, మన షాపులో ఈ రంగు లేదు అంది.

నేను బట్టలు పట్టుకుని బతికేదాన్ని. మరకని చూస్తే చేయి ఊరుకోదు. దీన్ని మాత్రం ఉతకలేదు. ఆయన ఒకసారి మేకు దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనించి, వచ్చేశారు. నేను చూడనట్టు కూర్చున్నాను.

మార్చి 9

కళ్ళజోడు పిల్ల ఫోన్ చేసింది. గొంతు బాగాలేదు. ఏంటమ్మా అంటే మొదట ఏమీ లేదంది, తర్వాత అంతా చెప్పింది.

మసి ఈ సెల్ గురించి రాసిన వ్యాసం సైన్సు పత్రికకి పంపారు. పైన మసి పేరు, కింద దాని గైడు సారు పేరు. పత్రిక వాళ్ళు ఇంత బలం నమ్మలేం, మళ్ళీ చేసి చూపించండి అన్నారు. మసి నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఈ పిల్ల ఐదుసార్లు చేసింది. ఒక్కటీ రాలేదు. సగం బలం కూడా లేదు. నల్లపొడి రాలిపోతోంది. నెలాఖరులోగా రాకపోతే వెనక్కి తీసుకుందాం అన్నారు సారు. సారు మసిని తప్పు పట్టలేదు. పక్క ల్యాబ్ వాళ్ళు మాత్రం, పాపం పోయిన మనిషి, నంబర్లు గట్టిగానే పెంచి రాసుకుంది అని నవ్వుకుంటున్నారంట.

మరి మిషన్ మీద తిరిగేది అదే కదే, అది అబద్ధమా అన్నాను. అది ఒక్కటే ఉందాంటీ, ఒక్కటి ఉంటే చాలదు, అందులో ఏం వేసిందో ఎవరికి తెలుసు అంటారు అంది.

మసి అబద్ధం ఆడదని నేను అనను. ఆడేది. తిన్నానమ్మా అనేది తినకుండా. సినిమాకెళ్ళి లైబ్రరీ అనేది. కానీ తేదీ వేసి రాసిన చోట ఆడదు.

మార్చి 12

మళ్ళీ వెళ్ళాను. 4326. సెక్యూరిటీ ఈసారి, గుండీయేనా అమ్మా అని తనే రాసుకున్నాడు.

గుండీ చూసి వచ్చేద్దామనే వెళ్ళాను. కానీ ఆ పిల్ల ఆరోసారి చేస్తోంది, అక్కడే నిలబడ్డాను. నోట్‌బుక్ తెరిచి వేలు పెట్టి ఒక్కో లైనూ పైకి చదువుకుంటూ చేసింది. ముక్క కత్తిరించు. యాసిడ్‌లో కడుగు. ఆల్కహాల్‌లో కడుగు. నీళ్ళలో కడుగు. ఆరబెట్టు. తూచు. మందు కలిపిన నీళ్ళలో వేయి. డబ్బా మూత బిగించి ఓవెన్‌లో ఆరు గంటలు. మసి చేతిరాత. ఎడమ వైపు వంగి ఉంటుంది, దారాలు ఆరేసినట్టు.

తూచిన ముక్కని పట్టకారుతో పట్టుకుని గులాబీరంగు నీళ్ళలో వేసింది. మునగలేదు. పట్టకారుతో నొక్కింది, మునిగింది. ముక్క నిండా సన్నటి బుడగలు, ఆవాల్లా అంటుకుని ఉన్నాయి. మూత బిగించేసింది.

ఐదోసారి చేసింది చూపించమన్నాను. బ్లేడుతో అడ్డంగా కోసి చూపించింది. పైన నల్లగా మందంగా, గీరితే రాలేలా ఉంది. లోపల వెండిలా తెల్లగా మెరుస్తోంది.

నాకు తెలిసినదేదో చూసినట్టు అనిపించింది. ఏమిటో తెలియలేదు. వచ్చేశాను.

మార్చి 13, పొద్దున

తొట్టి దగ్గర నిలబడి రాస్తున్నాను. పేజీ తడిసింది.

బండెడు దుప్పట్లు వచ్చాయి. మొదటిది నీళ్ళలో వేసి, మోచేతుల దాకా చేతులు పెట్టి అదుముతున్నాను. బుడగలు వస్తున్నాయి. బుడగలు ఆగాకే రంగులోకి తీస్తాను. పొడి బట్టని రంగులో వేయకూడదు. మడతల్లో గాలి కూర్చుంటుంది, రంగుని లోపలికి రానివ్వదు. పైపైన దిట్టంగా పడుతుంది, లోపల తెల్లగా మిగులుతుంది, రెండు ఉతుకులకి ఊడిపోతుంది. ఈ పనిలో మొదటి రోజు నేర్పేది అదే.

పొడి ముక్కని వేశారు.

తూచాలంటే ఆరబెట్టాలి, సరే. తూచాక మళ్ళీ తడపాలి కదా. తడపమని మసి రాయలేదు. ఎందుకు రాస్తుంది? అన్నం తినే ముందు నోరు తెరిచాను అని ఎవరైనా రాస్తారా? అది పుట్టిన దగ్గర్నుంచి చూసింది. ఈ ఇంట్లో తడపకుండా ఏదీ రంగులోకి పోదు. మా పనిలో పుట్టినవాళ్ళే చేసే తప్పు అది.

సింకు దగ్గర నిలబడి మాట్లాడేదంట. అక్కడే తడిపేది.

మార్చి 14

చెప్పలేదు.

మార్చి 16

ఇంకా చెప్పలేదు. సిగ్గు కాదు. సిగ్గు ఉంది, అదొక్కటే కాదు. నేను చెప్పి, వాళ్ళు అలాగే చేసి, అయినా రాకపోతే? ఇప్పటికి ఏదో రాయడం మర్చిపోయిందేమో అనుకోవచ్చు. నా మాట కూడా తప్పయితే ఇక అనుకోవడానికి ఏమీ మిగలదు. నా చేత్తో నేనే నా కూతుర్ని అబద్ధాలకోరుని చేసినట్టవుతుంది.

4903. పొద్దున పదకొండుంపావుకి. నేనే లెక్కేశాను.

మార్చి 17

ఫిబ్రవరి పది గురించి రాయాలి. ఈ పుస్తకం మొదలుపెట్టినప్పటి నుంచి దాని చుట్టూ తిరుగుతున్నాను.

ఒక హోటల్ వాళ్ళ పరదాలు ముప్పై వచ్చాయి. మందం బట్ట. తడిపితే మనిషంత బరువు. ఈ రోజు ఉండవే, ఇద్దరం తడుపుదాం అన్నాను. సెల్ పెట్టాలమ్మా, ఈ రోజు పెట్టకపోతే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు అంది. నీకు నీ గుండీల మీద ఉన్న ప్రేమ నా నడుం మీద లేదు అన్నాను. అది చెప్పులు వేసుకుంటూ, సాయంత్రం తొందరగా వచ్చి పదిహేను నేను తడుపుతాను, లెక్కపెట్టి విడిగా ఉంచు, ముట్టుకున్నావంటే ఊరుకోను అంది.

పదిహేను విడిగా ఉంచాను. వాన మొదలైంది. మలుపులో బండి జారింది. తొందరగా వస్తోంది.

~~నువ్వు నిదానంగా వచ్చి ఉంటే~~

కొట్టేశాను. ఒక్కటే గీత.

మార్చి 18

ఆయనకి చెప్పాను. తొట్లో కర్ర తిప్పుతూ విన్నారు. విని కర్ర ఆపేశారు. పొడిదే వేశారా అన్నారు. వేశారండీ అన్నాను. ఏంటే, చదువుకున్నవాళ్ళు, పొడిదే వేశారా అని మళ్ళీ అడిగారు. నాకు నవ్వొచ్చింది. నెల దాటాక మొదటిసారి.

నా భయం చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చున్నారు. మసి తడిపిందా లేదా, నీకు తెలుసా తెలియదా అన్నారు. తెలుసు అన్నాను. అయితే భయం దేనికి, వెళ్ళు, నవ్వితే నవ్వుతారు, మన వేళ్ళు చూసి నవ్వనిదెవరు అన్నారు.

మార్చి 19

వెళ్ళాను. ఆయన కూడా వచ్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. గేటు దగ్గరే ఆగిపోయారు. నేను లోపలికి రాను, మీ సారు ఏమన్నా అడిగితే నాకు ఇంగ్లీషు రాదు అన్నారు. సారు తెలుగువాడే కదండీ అన్నాను. అయినా రానన్నారు. సెక్యూరిటీ ఆయనకి కుర్చీ వేశాడు.

సారుని మొదటిసారి చూశాను. నా వయసే ఉంటుంది. లేచి నిలబడ్డారు. చెప్పండమ్మా అన్నారు. చెప్పడం కన్నా చేయడం నాకు సులువు. ఒక ముక్క ఇప్పించండి సార్, చేసి చూపిస్తాను అన్నాను.

కళ్ళజోడు పిల్ల గ్లవ్స్ తొడిగింది. తూచిన ముక్క, మంచినీళ్ళ బీకరు ఇచ్చింది. చేతిగోరంత ముక్క. ఇంత చిన్నదాన్ని ఎప్పుడూ తడపలేదు. నీళ్ళలో వేశాను, తేలింది. వేలితో మెల్లగా అదిమాను. బుడగలు వచ్చాయి. తిప్పి అదిమాను. మళ్ళీ వచ్చాయి. పక్కకి ఒంచి, బీకరు అంచుకి తట్టి, మళ్ళీ అదిమాను. పరదాకి చేసినట్టే. చేతులకి అది గోరంతో గజాలో తేడా తెలియలేదు. చేయి పని చేస్తుంటే నోరు ఊరుకోదు నాకు, అలవాటు. తాగు, తాగవే, తాగు తల్లీ, ఇంకొంచెం తాగు అంటున్నాను.

తలెత్తి చూస్తే కళ్ళజోడు పిల్ల కళ్ళజోడు తీసేసి ఏడుస్తోంది. అదేనాంటీ, అక్క అనేది అదే, తాగు తాగు అనేది, మేం పిచ్చి అనుకున్నాం అంది.

సారు కిటికీ వైపు తిరిగారు. తర్వాత ఇటు తిరిగి, సింకు దగ్గర చేసేది కడగడం అనుకున్నామమ్మా మేము, తూకం తర్వాత కూడా చేసేదని చూసుకోలేదు అన్నారు. తడిగానే మందులో వేయండి, ఆరనివ్వకండి అన్నాను. ఆయన సరేనమ్మా అన్నారు. స్కూలు పిల్లాడు టీచర్‌కి చెప్పినట్టు.

ముక్క గులాబీ నీళ్ళలో మెల్లగా దిగింది. తేలలేదు. ఒక్క బుడగ కూడా లేదు.

బయటికొచ్చేసరికి ఆయన, సెక్యూరిటీ ఇద్దరూ టీ తాగుతున్నారు. ఏమన్నారే అన్నారు. తెలియదు, ఓవెన్‌లో పెట్టారు అన్నాను.

మార్చి 20

ఫోన్ రాలేదు.

మార్చి 21

ఫోన్ రాలేదు. మూడు దుప్పట్లకి మచ్చలు పడ్డాయి. నా చేతిలో! తడపడం మర్చిపోలేదు, రంగు పట్టడానికి వేసే ఉప్పు రెండుసార్లు వేశాను.

మార్చి 22, మధ్యాహ్నం

ఫోన్ వచ్చింది. కోసి చూశారంట. లోపలంతా నల్లగా ఉందంట.

మార్చి 24

సెల్ చేసి మిషన్‌కి పెట్టారు. మసి రాసిన నంబరుకి, ఇప్పుడు వచ్చిన నంబరుకి నూటికి రెండు తేడా. రెండు తేడా రావచ్చంట, అసలు తేడా లేకపోతేనే అనుమానించాలంట. ఆ పిల్ల మళ్ళీ రెండు చేసింది, తనే తడిపి. రెండూ వచ్చాయి. ఆంటీ, నేను కూడా తాగు తాగు అన్నాను, రిస్కు ఎందుకని అంది.

ఆయనతో చెప్పాను. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక, పక్క ల్యాబ్ వాళ్ళకి చెప్పారంటా అని అడిగారు.

మార్చి 26

సారు పిలిపించారు. మసి ల్యాబ్ నోట్‌బుక్ నా ముందు పెట్టారు. తూచు అనే లైనుకీ, మందులో వేయి అనే లైనుకీ మధ్య ఏమీ రాయకూడదంట, రాసిన పేజీని ముట్టుకోకూడదు, అదీ రూలే. చివర కొత్త పేజీలో నన్ను రాయమన్నారు. మీరు టైపు చేయించుకోండి సార్, నా రాత బాగోదు అన్నాను. చేసినవాళ్ళే రాయాలమ్మా అన్నారు.

రాశాను. తేదీ వేశాను. తూచిన ముక్కను మంచినీళ్ళలో ముంచి, గాలి పోయేదాకా అదమాలి. ఆరనివ్వకూడదు. ఇది మా అమ్మాయి చేసేది. ఆమెకి మా ఇంట్లో వచ్చింది. అదమాలి అనే మాటలో ఒక అక్షరం తప్పు పోయింది. ఒక్క గీత కొట్టి పక్కన రాశాను. సారు చూసి, ఎవరు నేర్పారమ్మా ఇలా కొట్టడం అన్నారు. ఎవరు నేర్పారో ఆయనకి తెలుసు.

కింద సాక్షి సంతకం సారు పెట్టారు.

వెనక పేజీలు తిప్పి చూడొచ్చా అని అడిగాను. చూడమన్నారు. రెండేళ్ళ రాత. ఎక్కడా నా గురించి లేదు, వాళ్ళ నాన్న గురించి లేదు. ఉండకూడదు కదా. ఏం చేశావు, ఏం చూశావు, అంతే.

ఏప్రిల్ 2

7350.

పని లేకపోతే అక్కడికే వెళ్తున్నాను. స్టూలు నాదైపోయింది. ఆ గీత ఎక్కుతుంది, దిగుతుంది. మసి చేత్తో మొదలైంది, ఇంకా ఆగనిది, ఈ లోకంలో అదొక్కటే. అది ఆగేదాకా మసి ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నట్టు ఉంటుంది నాకు. సాయంత్రం వస్తానంది కదా. ఇంకా సాయంత్రం కాలేదు.

పదివేలు అయ్యాక కూడా తిప్పొచ్చా అని ఆ పిల్లని అడిగాను. తిప్పొచ్చాంటీ, ఎంతైనా తిప్పొచ్చు అంది. తర్వాత ఏదో చెప్పబోయి మానేసింది.

ఏప్రిల్ 9

విడిగా ఉంచిన పదిహేను పరదాలు హోటల్ వాళ్ళు అడుగుతున్నారు. ఆయనే ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపారు. ఈ రోజు నేనే తడిపాను. పదిహేనూ. ఒక్కదాన్నే.

నడుం పోయింది. చెప్పుకోవడానికి లేదు.

ఏప్రిల్ 18

కళ్ళజోడు పిల్ల ఏం చెప్పబోయిందో సారు చెప్పారు.

పదివేలు అయ్యాక సెల్‌ని విప్పుతారంట. పైమూత కోసి, లోపలి ముక్కని మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఇన్నిసార్లు నిండి ఖాళీ అయ్యాక కూడా సూదులు నిలబడి ఉన్నాయా, విరిగిపోయాయా అని. పత్రిక వాళ్ళు ఆ ఫోటో కూడా అడిగారు. కొత్త సెల్స్ ఇంకా పదివేలు తిరగలేదు, తిరిగేసరికి ఇంకో నెలన్నర. పత్రిక గడువు ఈ నెలాఖరు. ఇదొక్కటే ఉంది. విప్పితే ఇక సెల్ ఉండదు.

విప్పడాన్ని ఏమంటారు సార్ అని అడిగాను. ఎందుకడిగానో. ఆయన కళ్ళజోడు పిల్ల వంక చూశారు. చెప్పండి సార్ అన్నాను. పోస్ట్‌మార్టం అంటామమ్మా, ల్యాబ్ భాష, ఏమీ అనుకోకండి అన్నారు.

ఆసుపత్రిలో ఆ రోజు అదే పేరున్న కాగితం మీద మా ఆయన సంతకం పెట్టారు.

మీరు వద్దంటే వద్దమ్మా, పత్రికకి గడువు పెంచమని రాస్తాను, ఇస్తారో లేదో తెలియదు అన్నారు సారు. రెండు రోజుల్లో చెబుతానన్నాను.

ఏప్రిల్ 20

ఆయన్ని అడిగాను. నీ ఇష్టం అన్నారు. అంతలోనే మళ్ళీ, లోపల ఎలా ఉందో నాకూ చూడాలనుంది అన్నారు.

వద్దంటే గుండీ నాకు దక్కుతుంది. డబ్బాలో పెట్టుకుని రోజూ చూసుకోవచ్చు. చూస్తే ఏముంటుంది? స్టీలు మూత. అది పెట్టుకుని కూర్చుంటే, లోపల ఏముందో ఎవరికి తెలుసు అనేవాళ్ళు అంటూనే ఉంటారు. మసికి మూసి పెట్టడం చేతకాదు. గడియారాలు విప్పేది. కుట్టుమిషన్ విప్పేసి నాతో తిట్లు తింది. విప్పకుండా ఏదీ నమ్మేది కాదు.

విప్పమని ఫోన్ చేశాను.

ఏప్రిల్ 21

ఇద్దరం వెళ్ళాం. ఈసారి ఆయన లోపలికి వచ్చారు.

10000. గీత లేదు. రాత్రి ఎనిమిదీ నలభైకి ఆగిందంట. ఆ వేళకి మేం కంచాల ముందు ఉన్నాం. ఏమీ తెలియలేదు.

మొదట్లో ఉన్న బలంలో నూటికి తొంభై మూడు మిగిలింది. చాలా మంచిదమ్మా అన్నారు సారు.

వైరు తీశారు. గుండీ నా అరచేతిలో పెట్టారు. వెచ్చగా ఉంటుందనుకున్నాను. చల్లగా ఉంది. ఆయన చేతిలో పెట్టాను. ఆయన సారుకి ఇచ్చేశారు.

ఏప్రిల్ 23

పెద్ద మైక్రోస్కోప్ గదిలో చెప్పులు విప్పించారు. చీకటిగా ఉంది, తెర ఒక్కటే వెలుగు. ముందు ఏమీ కనపడలేదు, బూడిదరంగు మసక. కళ్ళజోడు పిల్ల ఏదో తిప్పింది.

నూగు. తెర నిండా. సూదులు ఒకదాని పక్కన ఒకటి, ఒత్తుగా, నిలబడి. కొన్ని విరిగాయి, అవి ఎక్కడో ఒకచోట. ఇంకా లోపలికి వెళ్ళమ్మా అన్నారు సారు. స్పాంజి కంతల్లోకి వెళ్ళింది. అక్కడా నూగే. ఇంకా లోపలికి. అక్కడా. తెల్లగా మిగిలిన చోటు ఒక్కటి లేదు.

మా ఆయన తెర దగ్గరకంటా వెళ్ళారు. రంగు పట్టిన బట్టని వెలుగుకి పట్టి చూస్తారే, అలా తల అటూ ఇటూ వంచి చూశారు. నలభై ఏళ్ళుగా నా పనిని చూసి ఆయన అనే మాట ఒక్కటే. ఇప్పుడూ అదే అన్నారు. బాగా పట్టిందే అన్నారు.

మే 3

ఏం చేశాను: మేకు మీద కోటు తీసి నీళ్ళలో వేశాను.

ఏం చూశాను: తేలింది. అదిమాను. బుడగలు వచ్చాయి. చివరి బుడగ దాకా చేయి తీయలేదు.

తాగింది.